తప్పు లేని తుపాకి

“మా అల్లుడంటే నాకు పడదు. ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ వాడు మనిషిని కాల్చే రకం కాదు,” అంది పెద్దావిడ, కుర్చీ చూపించినా కూర్చోకుండా.

నా డిటెక్టివ్ ఆఫీసుకి ఏడుస్తూ వచ్చేవాళ్ళుంటారు, మండిపడుతూ వచ్చేవాళ్ళుంటారు. అల్లుణ్ణి తిడుతూనే ఆ అల్లుణ్ణి కాపాడమని అడిగే అత్తగారు రావడం మాత్రం అదే మొదలు. నాకు ఆవిడ అక్కడికక్కడే నచ్చేసింది.

ఆవిడ చెప్పిన సంగతి ఇది. అల్లుడు సినిమాలకి తుపాకులు అద్దెకిచ్చి, షూటింగులో వాటిని కంటికి రెప్పలా చూసుకునే మనిషి. అందరూ తుపాకుల మాస్టారు అంటారు. ఇప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం మీద తీస్తున్న ఒక పెద్ద సినిమాకి పనిచేస్తున్నాడు. నిన్న మధ్యాహ్నం, శత్రు సైనికుడి వేషం వేసినవాడు కందకంలో ఉన్న హీరో మీదికి రైఫిలు పేల్చే షాట్ తీశారు. అందులో ఉండాల్సింది బ్లాంక్ తూటా, అంటే మందు తప్ప గుండు లేనిది. హీరోకి తలనొప్పి రావడంతో కెమెరా తిరగబోయే ముందు అతని డూప్‌ని కందకంలో నిలబెట్టారు. తుపాకి పేలింది. డూప్ పడ్డాడు. భలే పడ్డాడని అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత రక్తం చూశారు.

డాక్టర్లు అతని భుజంలోంచి నిజమైన గుండు తీశారు. ప్రాణానికి భయం లేదు. తుపాకుల మాస్టారుని మాత్రం సాయంత్రమే లాకప్‌లో వేశారు. ఇవాళ మధ్యాహ్నం హత్యాయత్నం కింద కోర్టుకి తీసుకెళ్తారు.

“మీకు అంత నమ్మకం ఎలా కలిగింది?” అన్నాను.

“నిన్న భోజనాల వేళ వాడికి ఫోన్ చేశాను. తిట్టడానికి.”

“ఎందుకు తిట్టారు?”

“ఎందుకేమిటమ్మా, అల్లుడు కదా!” అంది ఆవిడ, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు. “నేను మొదలుపెడితే వాడు పదిమందిలో కూర్చుని వినడు. బయటికెళ్ళి గోడవార నిలబడి వింటాడు. నిన్న చాలాసేపు విన్నాడు. అంతసేపూ వాడు తుపాకుల దగ్గర లేడు. కానీ పోలీసులకి మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదని చెప్పాడట. ఎందుకు చెప్పాడో నాకు అంతు పట్టడం లేదు. నేను ఫోన్ సంగతి చెబితే ఆ ఇన్‌స్పెక్టరు నవ్వేశాడు. అత్త సాక్ష్యం చెల్లదన్నాడు.”

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఆ ఇన్‌స్పెక్టరు నా సొంత చెల్లెలి మొగుడు.

మేమిద్దరం వెళ్ళేసరికి మా మరిది స్టేషన్లో టేబుల్ మీద కాగితాలు సర్దుకుంటున్నాడు. నన్ను చూడగానే ముఖంలో సంతోషం పొంగింది. వదిన వచ్చిందని కాదు, వదిన ఓడిపోతుందని.

“రండి వదినా. ఈసారి మీకు పని మిగల్చలేదు. తుపాకి దొరికింది, మనిషి దొరికాడు, గొడవా దొరికింది.”

“ఏం గొడవ?”

“మొన్న ఆ డూప్ ఒక రైఫిలు బురదలో పడేశాడు. మాస్టారు వాడి కాలర్ పట్టుకుని ఊపేశాడు. యూనిట్ అంతా చూసింది. తుపాకుల పెట్టె తాళం మాస్టారు దగ్గరే ఉంటుంది. తూటాలు నింపింది ఆయనే. ఇంకేం కావాలి?”

“తూటాలు ఎప్పుడు నింపాడు?”

“భోజనాలకి ముందు. షాట్‌కి అంతా సిద్ధం చేసుకున్నాక దర్శకుడు భోజనాలు చేసి వచ్చి తీద్దామన్నాడు.”

“డూప్ నిలబడతాడని ఎప్పుడు తెలిసింది?”

“భోజనాలు అయ్యాక.” అన్నాక మా మరిదికి తను ఏమన్నాడో వినిపించింది.

“మరి డూప్ మీద కసితో భోజనాలకి ముందే గుండు ఎలా పెట్టాడు మరిదీ? కలొచ్చిందా?”

అతని మెడ ఎర్రబడింది. “ఆ యూనిట్‌లో అందరికీ అందరితోనూ గొడవలే. దర్శకుణ్ణి మార్చకపోతే రేపట్నుంచి రానని హీరో పట్టుబట్టి కూర్చున్నాడట. అవన్నీ పట్టుకుని వేలాడితే నేను రిటైరయ్యేదాకా ఈ కేసు తెమలదు. తుపాకి పేలింది. తుపాకి మాస్టారుది. అంతే!”

“మాస్టారుతో మాట్లాడొచ్చా?”

“మాట్లాడుకోండి. భోజనానికి ఇంటికి వెళ్ళేటప్పుడు మీ చెల్లికి మీరు వచ్చారని చెప్తాను.”

లాకప్‌లో తుపాకుల మాస్టారు గోడకి జారబడి కూర్చున్నాడు. సన్నటి మనిషి. గోళ్ళ కింద ఏళ్ళ తరబడి పేరుకున్న నల్లటి నూనె. నేను అడగకముందే అప్పజెప్పాడు. “నేను పెట్టె దగ్గర్నుంచి కదల్లేదు మేడం.”

“మీ అత్తగారు ఎంతసేపు తిట్టారు?”

ఆయన గోడ వదిలి నిటారుగా కూర్చున్నాడు. “ఆవిడొచ్చిందా? నా కోసమా?”

“బయట కూర్చుంది. ఎందుకు అబద్ధం చెప్పారు?”

తల దించుకున్నాడు. “కాల్చాడంటే జైలుకి పంపుతారు. తుపాకులు గాలికొదిలేసి ఫోన్ మాట్లాడుకుంటూ పోయాడంటే, బయటికొచ్చాక కూడా నా చేతికి ఇంకెవరూ తుపాకి ఇవ్వరు. నాకు వేరే పని రాదు మేడం. నిజం చెప్తున్నాను, ఆ రెండోదే నాకు ఎక్కువ భయం.”

నాకు జాలీ, కోపం రెండూ వచ్చాయి. ప్రాణం మీదికొచ్చినా పరువు పట్టుకుని వేలాడే మనుషులంటే నాకు ఎప్పుడూ ఇంతే. గట్టిగా తిట్టి, తర్వాత అడిగాను. “పెట్టెలో ఉన్న తుపాకుల గురించి చెప్పండి. మొదటి యుద్ధం నాటివేనా?”

ఆయన తల ఇంకా దించుకున్నాడు. “అన్నీ అబద్ధాలే మేడం. మొదటి యుద్ధం నాటి శత్రు రైఫిళ్ళు ఇప్పుడు ఇన్ని ఎక్కడ దొరుకుతాయి? నావి రెండో యుద్ధానివి. ఆ పాతవాటికి తూటా ఎక్కించడానికి లాగే బోల్టు పిడి తిన్నగా పక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది. వీటికి కిందికి వంగి ఉంటుంది. అది కోసేసి తిన్నని ముక్క అతికించాను. పాతవాటికి తోలు పట్టీ కింద వేలాడుతుంది. వీటికి పట్టీ కోసం భుజానికి ఆనించే చెక్క మడమలో పక్కగా కన్నం ఉంటుంది. దాన్ని లప్పంతో పూడ్చి రంగేశాను. పొడవు చాలకపోతే గొట్టం చివర ఇంకో గొట్టం ముక్క తొడిగాను. దూరం నుంచి ఎవరికీ తెలీదు. ఒక్క ప్రొఫెసర్ గారికి తప్ప.”

“ఆయనెవరు?”

“సినిమాకి చరిత్ర సలహాదారు. తప్పులు పట్టడమే ఉద్యోగం. పొద్దున లేస్తే నా తుపాకుల ముందు నిలబడి తల బాదుకుంటాడు.”

“పేలిన తుపాకి మీకు చూపించారా?”

“లేదు. గుడ్డలో చుట్టి పట్టుకుపోయారు.”

నేను లేవబోతూ ఆగాను. “ఇంకొక్కటి. అంత దగ్గర నుంచి పేలిన రైఫిలు గుండు మనిషి భుజంలో ఆగిపోతుందా?”

ఆయన మొదటిసారి తలెత్తాడు. బెంగంతా పోయి పనివాడి ముఖం వచ్చింది. “ఆగదు. మనిషిని దాటి, వెనక ఇసుక బస్తాల్లో దూరాలి. ఆగిందంటే అది తూటాతో వచ్చిన గుండు కాదు మేడం. గొట్టంలో ముందే ఒక గుండు ఇరుక్కుని ఉండి, వెనక నుంచి బ్లాంక్ పేలితే అలా నీరసంగా బయటికొస్తుంది. కానీ నేను గొట్టంలోకి చూడకుండా తుపాకి పెట్టెలో పెట్టను. నా పిల్లల మీద ఒట్టు.”

నేను తిరిగి మా మరిది టేబుల్ దగ్గరికి వచ్చాను. “ఆ తుపాకి విప్పు.”

“సీలు వేశాను వదినా.”

“ఇప్పుడు విప్పితే మళ్ళీ వేసుకోవచ్చు. కోర్టులో విప్పితే నీ పరువు మళ్ళీ వేసుకోలేవు. నీ ఇష్టం.”

పళ్ళు నూరుతూ ఇద్దరు కానిస్టేబుళ్ళని సాక్షులుగా నిలబెట్టి, సీలు తీసి గుడ్డ విప్పాడు. నేను ముందు బోల్టు పిడి చూశాను. తిన్నగా ఉంది, ఎక్కడా అతుకు లేదు. చెక్క మడమ మీద పక్కగా గోరుతో గీకాను. లప్పం లేదు, రంగు లేదు, అసలు కన్నమే లేదు. గొట్టం చివర వేలితో తడిమాను. ఒకే గొట్టం, తొడుగు లేదు. చెక్కంతా నునుపుగా, అవిసె నూనె వాసన వేస్తోంది. ఎవరో దీన్ని పసిబిడ్డకి ఒళ్ళు రుద్దినట్టు రుద్దారు.

సంతోషంతో నాకు గెంతాలనిపించింది. నా వయసుకి బాగోదని ఆగాను.

“ఏమిటా నవ్వు?” అన్నాడు మరిది అనుమానంగా.

“ఇది మాస్టారు తుపాకి కాదు. ఆయనవన్నీ అతుకులు. ఇది అచ్చమైన మొదటి యుద్ధం రైఫిలు.”

“అయితే ఇంకొకటి తెచ్చి పెట్టుకున్నాడు. ఏం, తెచ్చుకోకూడదా?”

“పెట్టెలో లెక్క చూశావా?”

“చూశాను. దీంతో కలిపి సరిగ్గా సరిపోయాయి.”

“అదే నేనూ చెప్తున్నాను. ఇది ఆయనది కాకపోతే ఒకటి ఎక్కువ రావాలి. సరిపోయిందంటే ఆయన తుపాకి ఒకటి బయటికి పోయింది, దాని చోటికి ఇది వచ్చింది. గోడవార అత్తగారి తిట్లు తింటున్న మనిషి ఇది ఎలా చేస్తాడు?”

మా మరిది తుపాకి వైపు, నా వైపు చూశాడు. “మధ్యాహ్నం దాకా టైముంది,” అన్నాడు చివరికి. “నేనూ వస్తాను. మీరు తప్పని తేలితే మీ చెల్లి ముందు ఒప్పుకోవాలి.”

“నువ్వు తప్పని తేలితే?”

అతను టోపీ పెట్టుకుని జీపు తాళం తీసుకున్నాడు.

షూటింగు స్థలంలో కందకం నిన్నటిలాగే ఉంది. ఇసుక బస్తాలు, వాటి మీద ఎండిన మరక. తుపాకుల పెట్టె అక్కడికి కొంచెం దూరంలో ఒక గుడారం కింద ఉంది. మాస్టారు ఫోన్ పట్టుకుని నిలబడిన గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అక్కణ్ణుంచి పెట్టె కనపడదు, గుడారం వెనకవైపు మాత్రమే కనిపిస్తుంది. పెట్టె తెరిచి లోపల పరిచిన దుప్పటి వాసన చూశాను. మిగతా చోట్లన్నీ రంగు, దుమ్ము. ఒక్క చోట, తుపాకి మడమ ఆనే మేరకి, తడి ఇంకా ఆరని అవిసె నూనె మరక.

దర్శకుడు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మెత్తటి గొంతు, నలగని చొక్కా. “మాస్టారు చాలా మంచివాడు మేడం. పనిలో పరధ్యానం ఎవరికైనా వస్తుంది. ఆయన మీద మరీ కఠినంగా ఉండొద్దని ఇన్‌స్పెక్టరు గారితో చెప్పండి,” అన్నాడు. వినడానికి ఎంతో దయగా ఉంది.

ప్రొఫెసర్ అతని వెనకే ఉన్నాడు. చంకలో గొడుగు, ముక్కు మీద కళ్ళద్దాలు, ఏ క్షణంలోనైనా ఎవరి తప్పునైనా పట్టడానికి సిద్ధంగా ఉన్న మెడ. నా పేరు, వృత్తి చెప్పగానే మా మరిది టోపీ బ్యాడ్జి రెండు వేళ్ళు పక్కకి ఉందని చెప్పాడు. మా మరిది చెయ్యి అప్రయత్నంగా టోపీ మీదికి వెళ్ళింది.

“మీ దగ్గర పాత తుపాకులు ఏమైనా ఉన్నాయా ప్రొఫెసర్ గారూ?” అన్నాను.

“నావన్నీ పుస్తకాలమ్మా,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నా ముఖం చూడలేదు.

నాకు ఒక విషయం అప్పటికే అర్థమైంది. మనిషిని చంపాలనుకున్నవాడికి ఏ తుపాకి అయితేనేం? రెండో యుద్ధానిదైనా చస్తాడు, మూడో యుద్ధానిదైనా చస్తాడు. సరిగ్గా ఆ కాలానికి చెందిన రైఫిలే కావాలని వెతికి తెచ్చినవాడు మనిషి కోసం తేలేదు. కెమెరా కోసం తెచ్చాడు. కానీ అది నోటితో అంటే చెల్లదు. మా మరిది ముందు ఆ మనిషే తన నోటితో అనాలి.

“నిన్న తీసినదంతా ఒకసారి చూడాలి,” అన్నాను దర్శకుడితో. “ప్రొఫెసర్ గారు పక్కన ఉంటే బాగుంటుంది. ఏ వస్తువు ఏమిటో మాకు తెలియాలి కదా.”

“తప్పకుండా మేడం,” అన్నాడు దర్శకుడు.

చిన్న ప్రివ్యూ గది. తలుపు ఒక్కటే. స్టేషన్ నుంచి మా వెంటే వచ్చిన పెద్దావిడ కూడా లోపలికి వస్తానంది. మా మరిది ఒప్పుకోలేదు. “మీరు బయట కూర్చోండమ్మా,” అని నడవాలో ఒక కుర్చీ వేయించాడు. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి కూర్చుంది. దర్శకుడు వెనక వరసలో రిమోటు పట్టుకుని కూర్చున్నాడు. దీపాలు ఆరాయి.

“ఏ తప్పు కనపడినా చెప్పండి ప్రొఫెసర్ గారూ,” అన్నాను. “ఒక్కటి కూడా వదలొద్దు.”

ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి వేసినట్టయింది. మొదటి షాట్ తెర మీదికి రాగానే ఆయన వేలు లేచింది.

“తుపాకి! ముందు ఆ తుపాకి చూడండి! బోల్టు పిడి దగ్గర అతుకు ఉబ్బెత్తుగా కనపడుతోంది. ఆ చెక్క మీద లప్పం ఎండి పగిలింది. ఇరవై ఏళ్ళ తర్వాత పుట్టాల్సిన తుపాకిని పట్టుకుని యుద్ధానికి బయల్దేరాడు మహానుభావుడు. తర్వాత ఆ బెల్టు. ఆ బూట్లు.”

రెండో షాట్. “మళ్ళీ తుపాకి! గొట్టం చివర తొడుగు ఎండకి మెరుస్తోంది, చూశారా? సిగ్గుచేటు.”

మూడో షాట్‌లో సైనికులు చాలా దూరంలో, చీమల్లా ఉన్నారు. అయినా ఆయన వదల్లేదు. “తుపాకులు. నాకు ఇక్కణ్ణుంచి కూడా తెలుస్తోంది.”

నా పక్క కుర్చీలో మా మరిది ఆవలించాడు. నేను మోచేత్తో పొడిచాను.

అప్పుడు నిన్న మధ్యాహ్నం తీసిన షాట్ వచ్చింది. శత్రు సైనికుడు రైఫిలు ఎత్తి గురిపెట్టాడు. కెమెరా దగ్గరికి, ఇంకా దగ్గరికి వెళ్ళింది. తెర సగం రైఫిలే.

“అక్కడ ఆపండి,” అన్నాను. బొమ్మ ఆగింది.

“చెప్పండి ప్రొఫెసర్ గారూ.”

“కాలరు గుండీ తప్పు,” అన్నాడు ఆయన. “అది ఇత్తడి కాకూడదు. గడ్డం చూడండి, అలా ఎవరూ గీసుకునేవారు కాదు. హెల్మెట్ పట్టీ కుట్టు మిషను మీద కుట్టారు, చేత్తో కుట్టాలి.” ఆగాడు.

“ఇంకా?”

“అంతే.”

“తుపాకి?”

మా మరిది ఆవలింత సగంలో ఆగిపోయింది.

“ఆ... తుపాకి,” అన్నాడు ప్రొఫెసర్. “తుపాకి కూడా.”

“కూడా ఏమిటి?”

“తప్పే.”

“ఏం తప్పు?”

నేను లేచి తెర దగ్గరికి వెళ్ళి, ఆ బోల్టు పిడి మీద వేలు పెట్టాను. “చీమంత తుపాకిలో తప్పు పట్టారు మీరు. ఇది ఇంటి తలుపంత ఉంది. చెప్పండి. ఈ పిడి నకిలీ అతుకని చెప్పండి. ఈ చెక్కకి లప్పం పూశారని చెప్పండి. ఇది పనికిమాలిన తుపాకి, చూస్తే సిగ్గేస్తోందని అనండి. ఇందాకట్నుంచి అంటున్నదేగా. ఒక్కసారి అంటే చాలు, నేను మీ జోలికి రాను.”

ఆయన పెదాలు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. నాకు ఆ మనిషి మీద జాలేసింది. ఒక్క అబద్ధం, నాలుగు మాటలు, అంటే తప్పించుకుపోతాడు. అది అనలేకపోతున్నాడు. ఆ తుపాకి వైపు చూస్తూ ఆ మాట అనడం ఆయన వల్ల కావడం లేదు.

“తప్పు లేదు!” అని అరుస్తూ లేచి నిలబడ్డాడు. గొడుగు కిందపడింది. “దాన్లో తప్పు లేదు! ఈ సినిమా మొత్తంలో తప్పు లేనిది అదొక్కటే! స్క్రూ దగ్గర్నుంచి అచ్చమైనది. నా సగం జీవితం పెట్టి వెతికి సంపాదించుకున్నాను దాన్ని!”

మా మరిది అప్పటికే నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్ళ ఈ వృత్తిలో నేరస్థుడు నిజం చెప్పలేక తడబడటం ఎన్నోసార్లు చూశాను. అబద్ధం చెప్పలేక దొరికిపోయినవాణ్ణి చూడటం ఇదే మొదటిసారి.

ప్రొఫెసర్ కూలబడి, కళ్ళద్దాలు తీసి, మిగతాది తనే చెప్పేశాడు. “కెమెరా జానెడు దూరంలో పెడుతున్నారు. లప్పం తెరంతా కనపడుతుంది. చివర్లో చరిత్ర సలహాదారు అని నా పేరు పడుతుంది. చూసినవాళ్ళంతా నన్ను చూసి నవ్వుతారు. ఒక్క షాట్. ఒక్క షాట్‌లో అయినా నిజం ఉండాలనుకున్నాను. మాస్టారు ఫోన్ మాట్లాడుకోడానికి వెళ్ళాడు. పెట్టె తాళం తీసే ఉంది. ఆయన తుపాకిలోని బ్లాంక్ తూటాలు తీసి నాదాన్లో పెట్టాను. అవే పెట్టాను, దేవుడి సాక్షిగా. ఆయన తుపాకి నా కారు డిక్కీలో ఉంది. షాట్ అయ్యాక మార్చేద్దామనుకున్నాను. ఈలోగా...”

“ఈలోగా ఒక మనిషి పడ్డాడు, ఇంకో మనిషిని లాక్కెళ్ళారు,” అన్నాను. జాలి పోయి కోపం వచ్చింది. “గుండీ ఇత్తడిదైతే మీకు నిద్రపట్టదు. మీ బదులు ఒకడు లాకప్‌లో పడుకుంటే బాగానే పట్టిందా?”

“పట్టలేదు,” అన్నాడు ఆయన. చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. “నోరు పెగల్లేదమ్మా.”

నేను మా మరిది వైపు తిరిగాను. అతని జేబులో ఉన్న ఫోన్ వైపు చెయ్యి చూపించాను.

అతను చాలా నెమ్మదిగా ఫోన్ తీశాడు. “నేనే. తుపాకుల మాస్టారుని బయటికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టండి. కాఫీ తెప్పించండి. ఆ, కోర్టు కాగితాలు ఆపండి. ఆపమంటే ఆపడమే!” ఫోన్ పెట్టేసి, గోడ వైపు చూస్తూ అన్నాడు. “వదినా, ఇది మీ చెల్లికి చెప్పాలా?”

“నేనెందుకు చెప్తాను? నువ్వే చెప్తావు. నేను పక్కన కూర్చుని వింటాను.”

ఆ క్షణాన నాకు ఎంత హాయిగా ఉందో దాచుకోను. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు చాపి, ఈ చీకటి గదిలో నాకంటే గొప్పవాళ్ళెవరూ లేరనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే ఒక మాట అడగడం మర్చిపోయానని తట్టింది.

“ప్రొఫెసర్ గారూ, మీ తుపాకి గొట్టంలోకి ఆఖరిసారి ఎప్పుడు చూశారు?”

ఆయన ముక్కు తుడుచుకుని, ఏడుపులోనే నొచ్చుకున్నాడు. “నిన్న పొద్దున. టార్చి లైటు వేసి ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాను. అద్దంలా ఉంది. గొట్టంలో నలక ఉన్నా నేను ఊరుకునే మనిషినా?”

“అయితే అందులో పాత గుండు ఇరుక్కుని లేదు.”

“లేదు. లేదు...” ఆయన ఏడుపు ఆగిపోయింది. ఆ తుపాకి వల్ల పొరపాటున జరిగిందనే నిన్నట్నుంచి అనుకుంటున్నాడు పాపం. “మరి గుండు ఎలా వచ్చింది?”

“ఆ తర్వాత ఎవరో గొట్టంలో దూర్చారు. పొద్దున్నుంచి భోజనాల దాకా తుపాకి ఎక్కడుంది?”

“నా కారులో. తాళం వేసి ఉంది.”

“తాళం ఎవరికైనా ఇచ్చారా?”

“ఒక్కసారి. ఆయన చూసి ఇస్తానంటే ఇచ్చాను. అసలు ఆయన సరేనంటేనే కదా నేను మార్చింది! ఎవరికీ చెప్పొద్దన్నారు. హీరో గారికి అసలే తెలియనివ్వొద్దన్నారు, ఆశ్చర్యపరుద్దామన్నారు. కందకంలో హీరో గారు ఎక్కడ నిలబడాలో గీత గీసి పెట్టింది కూడా ఆయనే. తలనొప్పి రాకపోతే హీరో గారే ఉండేవారు కదా అక్కడ...” ప్రొఫెసర్ మాట నెమ్మదించింది. తను చెబుతున్నది తనకే అర్థమవుతోంది.

“ఎవరాయన?” అన్నాడు మా మరిది.

ప్రొఫెసర్ వెనక వరస వైపు తిరిగాడు. మేమూ తిరిగాం.

ఆ కుర్చీ ఖాళీగా ఉంది. సీటు మీద రిమోటు ఒక్కటే ఉంది. దర్శకుణ్ణి మార్చమని హీరో పట్టుబట్టాడన్న మాట నాకూ, మా మరిదికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది. అతను కుర్చీల మీంచే దూకి తలుపు లాగాడు. నేను వెనకే పరిగెత్తాను.

నడవాలో దర్శకుడు నిలబడి ఉన్నాడు. కారు తాళం ఒక చేతిలో ఉంది. రెండో చేతి మణికట్టు పెద్దావిడ గుప్పిట్లో ఉంది. ఆవిడ కుర్చీని నడవాకి అడ్డంగా లాక్కుని, కాళ్ళు గోడకి తన్నిపెట్టి కూర్చుంది. ఆయన చెయ్యి విదిలించుకోవాలని చూస్తున్నాడు. నలగని ఆ చొక్కా భుజం దగ్గర చిరిగింది.

“ఈ బాబుకి ఏదో తొందర పనుందట,” అంది ఆవిడ మా వైపు తలైనా తిప్పకుండా. “మా అల్లుడు ఇంటికొచ్చేదాకా ఈ దారిన ఎవరూ పోరని చెప్పాను. చెబితే వినడే!”

“అలాగే గట్టిగా పట్టుకోండమ్మా,” అన్నాడు మా మరిది, బేడీలు తీస్తూ.